నర్సింగం బీపీ ఎంతుండె

ఆ మంగళవారం దవాఖాన ముందు తొంభై మంది దాకా కూర్చున్నారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు నెలకు సరిపడా గోలీలు ఇచ్చే రోజు అది. మెదక్ పట్టణంలో ఆ బస్తీ దవాఖాన చాలా చిన్నది. రెండు గదులు, ముందు రేకుల వరండా. డాక్టరు వారానికి రెండు రోజులే వచ్చేవాడు. మిగతా భారమంతా స్టాఫ్ నర్సు యశోద మీద ఉండేది.

యశోదది హవేలిఘనపూర్ వైపు రైతు కుటుంబం. నర్సింగ్ చదివి పంతొమ్మిదేళ్ళు సర్కారు దవాఖానల్లో పనిచేసింది. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదని పక్క బస్తీల నుంచి కూడా పిల్లలను ఎత్తుకొచ్చేవారు. కరోనా రోజుల్లో ఇంటికి పోకుండా నలభై రోజులు దవాఖానలోనే ఉంది. ఆమెను సోమరి అన్నవాళ్ళు లేరు. ఇప్పుడు చెప్పబోయేది అర్థం కావాలంటే ఆ సంగతి గుర్తుండాలి.

కరోనా తర్వాత బీపీ ఉన్నవాళ్ళ పేర్లన్నీ ట్యాబ్‌లోకి ఎక్కాయి. ప్రతి మనిషికీ అంకె నమోదు చేస్తేనే ట్యాబ్ తర్వాతి పేరుకు పోనిచ్చేది. నాలుగు గంటలకల్లా అన్ని పేర్లూ పూర్తి కావాలి. ఒక్క మిషన్, ఒక్క మనిషి, తొంభై చేతులు. మొదట యశోద ముసలివాళ్ళకు, ఆయాసంగా కనిపించినవాళ్ళకు మాత్రం కొలిచి, మిగిలినవాళ్ళకు పోయిన నెల అంకె చూసి అటూ ఇటూగా వేసేది. తర్వాత అది అలవాటైపోయింది. గుండ్రటి అంకెలు వేస్తే పైవాళ్ళకు అనుమానం వస్తుందని 132 అనీ, 128 అనీ, 136 అనీ మార్చి మార్చి వేసేది. అది అబద్ధం అని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. పని తెమల్చడం అనిపించేది.

ఆ మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక నర్సింగం వంతు వచ్చింది. టెంట్ హౌస్‌లో పని అతనిది. షామియానాలు వేయడం, వంటపాత్రలు మోయడం. యాభై రెండేళ్ళుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అడగకముందే ఎడమ చొక్కా చేతిని భుజం దాకా మడిచి, అరచెయ్యి పైకి పెట్టి బల్ల మీద చాచాడు.

"సిస్టరమ్మా, రెండు దినాల సంది మెడ ఎనుక గుంజుతున్నది. జర మంచిగ సూడుండ్రి," అన్నాడు.

యశోద పట్టీ చుట్టి బటన్ నొక్కింది. మిషన్ గుర్రుమని గాలి నింపి, కాసేపు బిగించి, వదిలేసింది. తెర మీద అంకెకు బదులు తప్పు గుర్తు వచ్చింది. బ్యాటరీలు నీరసపడ్డాయేమో అనుకుంది. మళ్ళీ నొక్కబోతుంటే వరండాలో ఎవరో వరుస తప్పారని కేకలు లేచాయి. ఆమె అటు తిరిగి గద్దించి, ఇటు తిరిగి ట్యాబ్ చూసింది. పోయిన నెల 138/86 అని ఉంది. 134/84 అని కొట్టింది.

"ఎంతున్నదమ్మా?"

"మంచిగనే ఉన్నదన్నా. నూట ముప్పై నాలుగు."

"మరి మెడ గుంజుడేంది?"

"బరువులు మోస్తవ్ గదా. నరం పట్టి ఉంటది. ఏం గాదు. గోలీలు ఏసుకో."

నర్సింగం మొహం తేటపడింది. "గంతే అంటరా? ఇగ నేను పరేషాన్ అయితున్న," అని నవ్వి, చొక్కా చెయ్యి దించుకుని, గోలీల పట్టీలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అతను కూర్చున్నది మొత్తం రెండు నిమిషాలు.

తొమ్మిదో రోజున, ఊరి చివర ఒక ఫంక్షన్‌కు షామియానా కర్ర ఎత్తుతూ నర్సింగం కూలిపోయాడు. కుడివైపంతా పడిపోయింది. మెదక్‌లో చూసిన డాక్టరు తలలో నరం చిట్లింది, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సు తూప్రాన్ దాటకముందే భార్య యాదవ్వ ఒడిలో ప్రాణం పోయింది.

ఆ కబురు యశోదకు తెచ్చింది ఆశా కార్యకర్త ఐలవ్వ. యశోద అప్పుడు అన్నం తిన్న డబ్బా కడుగుతోంది.

"టెంటు నర్సింగం పోయిండు సిస్టర్."

"ఏ నర్సింగం?"

"గాయనే. మొన్న మెడ గుంజుతుందని ఒచ్చిండు సూడు. తలల నరం చిట్లిందట."

యశోద డబ్బా అక్కడే పెట్టి లోపలికి వెళ్ళి ట్యాబ్ తెరిచింది. నర్సింగం పేరు పచ్చరంగులో ఉంది. 134/84. పక్కన ‘నియంత్రణలో ఉంది’ అని ఉంది.

ఆ మొదటి రోజు ఆమె తనకు తాను చాలా చెప్పుకుంది. కొలిచినా ఇదే జరిగేదేమో. కొలిస్తే నిజంగానే నూట ముప్పై నాలుగు వచ్చేదేమో. తొమ్మిది రోజుల్లో ఏమైనా కావచ్చు. ఆ మాటలన్నీ సరిగానే ఉన్నట్టు తోచాయి. అయితే మరుసటి రోజు ఒక ముసలాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. బల్ల మీద యశోదకు ముసలాయన చెయ్యి కనిపించలేదు. తాళ్ళు కోసిన గీతలతో, మణికట్టుకు రాగి కడెంతో, పొట్టిగా గట్టిగా ఉన్న చెయ్యి కనిపించింది. రెప్ప వేసి తెరిచేసరికి పోయింది. ఆ కడెం సంగతి ఆమె ఆ మంగళవారం గమనించినట్టు కూడా గుర్తు లేదు.

ఆ తర్వాత అది రోజూ వచ్చింది. యశోద కుర్చీ మార్చింది. ఆ కుర్చీని వరండాలో వేసి, వరండాలో ఉన్న ఇనుప కుర్చీ లోపల వేసింది. బల్లను గోడ వైపు నుంచి కిటికీ వైపు తిప్పింది. ఎన్ని మార్చినా ఆ చెయ్యి వచ్చి అరచెయ్యి పైకి పెట్టి చాచుకునేది. ఇంట్లో గంజి వారుస్తుంటే ఆమె ఎడమ దండచెయ్యి మెల్లగా బిగుసుకునేది. అలా బిగుసుకుని, కొంతసేపు నిలిచి, మెల్లగా వదిలేది. వదిలేదాకా ఆమె గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడేది.

"ఏందే, గట్ల నిలవడ్డవ్?" అని ఒకసారి భర్త బిక్షపతి అడిగాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరు.

"ఏం లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది," అంది.

నెల తిరిగింది. ఆ నెల రావలసినవాళ్ళ పేర్లు ట్యాబ్‌లో వచ్చాయి. వాటిలో నర్సింగం కూడా ఉన్నాడు. చనిపోయినవాళ్ళ పేరు తీసేయాలంటే మరణం అని నొక్కి, తేదీ, కారణం రాయాలి. ఐలవ్వ రెండుసార్లు గుర్తు చేసింది. యశోద వేలు ఆ మాట దాకా వెళ్ళి ఆగిపోయేది. కారణం అన్న చోట ఏం రాయాలి? ఏదో ఒకటి నొక్కనిదే పేరు కదలదు. చివరికి ఆమె కింద ఉన్న మరో మాట నొక్కింది. ‘ఫోన్ చేశాం. వస్తామన్నారు.’

నొక్కిన తర్వాతే తాను ఏం చేసిందో ఆమెకు తెలిసింది. ఆ రోజంతా గుమ్మంలో నీడ పడినప్పుడల్లా తలెత్తి చూసింది. తర్వాతి నెల కూడా అదే నొక్కింది. ఆ తర్వాతి నెల కూడా.

భయంతో ఆమె అందరికీ బీపీ కొలవడం మొదలుపెట్టింది. కొత్త బ్యాటరీలు వేసింది. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. పోయిన నెల 130 అని ఉన్న మనిషికి తెర మీద 176 వస్తోంది. ఇంకొకరికి 168. ఒక అవ్వకు 190. ఉన్నవి ఉన్నట్టు వేస్తే ఒక్క నెలలో ఇంతమందికి ఎట్లా పెరిగిందని అడుగుతారు. అందుకని 176 చూసి 138 వేసింది. ఇంతకాలం ఆమెకు నిజం తెలియదు. ఇప్పుడు తెలిసి తెలిసి వేస్తోంది.

ఆ చలికాలంలో జిల్లా మీటింగు జరిగింది. నూటికి డెబ్బై ఎనిమిది మందికి బీపీ అదుపులో ఉన్నందుకు ఆ దవాఖానకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. యశోద వేదిక మీద నిలబడి ఫోటో దిగింది. కెమెరా వైపు చూడమంటే ఆమె చూపు హాలు చివరి వరుసకు వెళ్ళింది. అక్కడ ఒక మనిషి చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి కూర్చున్నాడు. ఆ ఫోటోలో యశోద మొహం పక్కకు తిరిగి ఉంటుంది.

ఎండాకాలం మొదట్లో దవాఖానకు రోజూ ఉండే డాక్టరు వచ్చింది. పేరు రిషిత. సిద్దిపేట అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్ళు. వచ్చిన వారం రోజులు ఏమీ మాట్లాడలేదు. యశోద చూసి పంపినవాళ్ళకు లోపల మళ్ళీ తనే బీపీ చూసింది. శనివారం జనం పోయాక తలుపు దగ్గరికి వేసింది.

"సిస్టర్, మీరు నూట ముప్పై అని పంపినోళ్ళకు నాకు నూట డెబ్బై వస్తున్నది. ఒక్కరికి గాదు, చానా మందికి."

ఆ క్షణం కోసం యశోద ఏడాదిగా చూస్తోంది. భయపడుతూ చూసింది, ఎవరైనా అడిగితే బాగుండునని కూడా చూసింది.

"మిషన్ పాతది గదా," అంది డాక్టరు, ఆమె మొహం చూడకుండా. "మీ ఒక్కరి తప్పని నేను అనను. గిట్ల ఉంటే ఎవరైనా ఏం జేస్తరు?"

డాక్టరు ఒక తలుపు తెరిచి పెట్టింది. యశోద అందులోంచి బయటపడింది.

"అవును మేడం. మిషన్ పాతది," అంది.

సోమవారం నుంచి అంతా మారింది. రెండు కొత్త మిషన్లు వచ్చాయి. లావుపాటి చేతులకు పెద్ద పట్టీ వచ్చింది. గోడవారగా బెంచీ వేశారు. బీపీ చూపించుకోవాలంటే ముందు ఆ బెంచీ మీద వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి. చాయ్ తాగి వచ్చినా, బీడీ తాగి వచ్చినా అరగంట ఆగాలి. చొక్కా మీద నుంచి పట్టీ కట్టకూడదు. రెండుసార్లు కొలవాలి. ఎక్కువ ఉంటే వచ్చే నెల చూద్దామని పంపేయకుండా ఆ రోజే గోలి మోతాదు పెంచడమో, రెండో రకం గోలి కలపడమో డాక్టరు చేసేది. రానివాళ్ళకు ఐలవ్వ ఫోన్ చేసేది, ఫోన్ ఎత్తకపోతే ఇంటికి పోయేది.

జనం సణిగారు. "సూపియ్యనీకొస్తే బడి పోరగాండ్ల లెక్క కూసోవెడ్తున్నరు," అని ఒకాయన గొడవ పడ్డాడు. ఒక్క నెలలో డెబ్బై ఎనిమిది కాస్తా ఇరవై తొమ్మిదికి పడిపోయింది. పైనుంచి ఫోన్ వచ్చింది. "ముందటిది తప్పు సర్. ఇది నిజం," అంది డాక్టరు. రెండోసారి ఫోన్ వచ్చినా అదే చెప్పింది.

యశోద ఆ నెలల్లో ఇంతకు ముందు ఎన్నడూ చేయనంత శ్రద్ధగా పనిచేసింది. అయిదు నిమిషాలు గడియారం చూసి లెక్కబెట్టేది. తెర మీద ఉన్నది ఉన్నట్టు వేసేది. ఆ చెయ్యి మాత్రం వస్తూనే ఉంది. పని సరిగ్గా జరిగేకొద్దీ మరింత స్పష్టంగా వచ్చేది. బెంచీ మీద నలుగురు మాటల్లేకుండా కూర్చుని ఉంటే, అయిదో మనిషి ఉన్నట్టు ఆమెకు అనిపించేది. అయిదు నిమిషాలు ఇంత చిన్నవా అనుకునేది. ఆ రోజు అయిదు నిమిషాలు ఉన్నాయి కదా అనుకునేది.

శ్రావణమాసంలో ఒకరోజు ఐలవ్వ ఒక మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సన్నటి మనిషి, నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. వేళ్ళ చివరలు పొగాకుతో పసుపురంగు పట్టి ఉన్నాయి. బీడీలు చేసే మనిషి. యశోద పేరు అడిగి ట్యాబ్‌లో కొట్టింది. యాదవ్వ. భర్త పేరు దగ్గరికి వచ్చి అడిగితే, "నర్సింగం. ఇప్పుడు లేడు," అంది.

అయిదు నిమిషాలు యాదవ్వ బెంచీ మీద కూర్చుంది. ఆ అయిదు నిమిషాలు యశోద ఆమె వైపు చూడలేదు. తర్వాత పట్టీ చుట్టింది. 184/106. రెండోసారి 180/104.

డాక్టరు రెండు రకాల గోలీలు రాసి బల్ల మీద పెట్టింది. యాదవ్వ వాటిని ముట్టుకోలేదు.

"నాకొద్దమ్మా."

"ఎందుకు? ఇంత బీపీ ఉంటే ప్రమాదం అమ్మా," అంది డాక్టరు.

"మా ఆయన గీ దవాఖానకే ఒచ్చిండు. గీ సిస్టరమ్మనే సూసింది," అని యాదవ్వ యశోదను చూపించింది. ఆ చూపులో కోపం లేదు. "మంచిగున్నది, నూట ముప్పై నాలుగే అన్నది. తొమ్మిది దినాలకు తలల నరం చిట్లి పాయె. నూట ముప్పై ఉన్నోడు పాయె, నూట ఎనభై ఉన్న నేను గిట్ల కూసున్న. గీ అంకెలల్ల ఏమున్నదమ్మా? ఏం లేదు."

డాక్టరు ట్యాబ్‌లో నర్సింగం పేరు తీసి చూసింది. 134/84. కింద ఏడాదికి పైగా ప్రతి నెలా ఒకే మాట ఉంది. వస్తామన్నారు. ఆమె ఆ మాట వైపు చాలాసేపు చూసి ట్యాబ్ పక్కన పెట్టింది.

"అప్పుడప్పుడు బీపీ మంచిగున్నా గట్ల అయితది అమ్మా," అంది చివరికి, గొంతు తగ్గించి.

"గదే గదా నేను అనేది," అని యాదవ్వ లేచింది. గోలీలు బల్ల మీదే ఉన్నాయి.

మూడు రోజులు యశోద అన్నం సరిగ్గా తినలేదు. ఇంతవరకు ఆమెను పట్టి పీడించింది జరిగిపోయిన విషయం. ఇప్పుడు అదే అబద్ధం ఇంకో మనిషిని తీసుకుపోవడానికి కూర్చుంది. డాక్టరు ఎంత చెప్పినా యాదవ్వ వినదు. ఆమె వినేలా చెప్పగలిగింది లోకంలో ఒక్క మనిషే.

నాలుగో రోజు మధ్యాహ్నం యశోద యాదవ్వ ఇంటికి వెళ్ళింది. సందులో ఎండ మండుతోంది. యాదవ్వ గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"రాండ్రి సిస్టరమ్మా, కూసోండ్రి. గోలీల ముచ్చటైతే ఒద్దు."

యశోద గడప అవతలే నిలబడింది.

"అక్కా, నేను ఆ దినం అన్నకు బీపీ సూడలె."

"సూసిండ్రు గదా. పట్టీ గట్టిండ్రని మా ఆయన జెప్పిండు."

"పట్టీ గట్టిన. మిషన్ల అంకె రాలె. మళ్ళ గట్టలె. జనం ఉండె. నేనే ఒక అంకె ఏసిన. మంచిగున్నదని జెప్పిన."

యాదవ్వ వేళ్ళు ఆగాయి. చుడుతున్న ఆకు విచ్చుకుని పొగాకు చాటలో రాలింది.

"అసలు ఎంతుండె?" అంది.

"తెల్వదక్కా."

"అందాజ?"

"తెల్వది. ఎప్పటికీ తెల్వది."

యాదవ్వ చాట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళింది. గూట్లోంచి ఏదో తీసుకొచ్చి గడప మీద పెట్టింది. గోలీల పట్టీలు మూడు. ఒక్క గోలి కూడా చింపలేదు.

"నువ్వు జెప్పిన దినం నవ్వుకుంట ఇంటికొచ్చిండు," అంది. ఆమె యశోదను నువ్వు అనడం అదే మొదలు. "ఏం లేదట, సిస్టరమ్మ జెప్పింది అన్నడు. మంచిగున్నంక గోలీలెందుకని గూట్ల దాపెట్టిండు. మల్ల ఎప్పుడన్న పనికొస్తయి తియ్యన్నడు. గివి నీ గోలీలే. తీస్కపో."

యశోద వాటిని తీసుకుంది. ఆమెకు కాళ్ళ మీద పడాలనిపించింది. అలా పడితే యాదవ్వ తనను లేపవలసి వస్తుంది, అదొక భారం ఆమె మీద వేసినట్టవుతుంది అనిపించి పడలేదు.

"పో," అంది యాదవ్వ.

"పోతా. ఒక్క మాట జెప్పి పోతా. మొన్న నీకొచ్చిన నూట ఎనభై నేను ఏసింది గాదు. రెండుసార్లు సూసిన. అది నిజం అక్కా."

యాదవ్వ మొహం గోడ వైపు తిప్పుకుంది.

మరునాడు యశోద తెల్ల కాగితం మీద అంతా రాసి డాక్టరుకు ఇచ్చింది. ఎప్పుడు మొదలైంది, ఎలా వేసింది, నర్సింగం రోజు ఏం జరిగింది, అన్నీ. రిషిత రెండుసార్లు చదివింది.

"నాకు మొదటి వారంలనే సమజైంది సిస్టర్," అంది. "పాత మిషన్ అయితే ఎప్పుడూ తక్కువే సూపెట్టది. అడుగుదామంటే భయమైంది. మీరు పోతే గీ దవాఖాన నడువదని. అందుకే మిషన్ మీద ఏసిన."

తర్వాత డాక్టరు ఆ కాగితం మీద సంతకం చేసి పైకి పంపింది.

విచారణ జరిగింది. యశోదను మూడు నెలలు సస్పెండ్ చేశారు. ప్రశంసాపత్రం వెనక్కి తీసుకున్నారు. బస్తీలో కొందరు ఆమెను చూసి ఉమ్మేశారు. ఆ మూడు నెలల్లో డాక్టరు, ఐలవ్వ కలిసి పాత పేర్లన్నింటినీ పిలిపించి మళ్ళీ కొలిచారు. ఇద్దరికి మూత్రపిండాలు అప్పటికే పాడయ్యాయని తేలింది. ఆ ఇద్దరి పేర్లు చెప్పాలా వద్దా అని ఐలవ్వ ఆగితే యశోద చెప్పమంది. ఆ పేర్లు కూడా ఆమె దగ్గరే ఉండిపోయాయి.

సస్పెండై దవాఖాన వదిలి వెళ్ళిన రోజున ఆమె నర్సింగం పేరు తెరిచింది. మరణం అని నొక్కింది. తేదీ వేసింది. కారణం దగ్గర పక్షవాతం, తలలో రక్తస్రావం అని వేసింది. చివరి బీపీ దగ్గర 134/84 దానంతట అదే వచ్చి కూర్చుంది. తీసేయబోతే, పాత నమోదు మార్చడానికి వీల్లేదని ట్యాబ్ చెప్పింది.

మూడు నెలల తర్వాత ఆమె మళ్ళీ అదే బల్ల దగ్గరికి వచ్చింది. డాక్టరు పట్టుబట్టి రప్పించింది. వచ్చిన రెండో మంగళవారం బెంచీ మీద యాదవ్వ కూర్చుని ఉంది. అయిదు నిమిషాలు అయ్యాక వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాచింది.

"మిషన్ ఇటు తిప్పు," అంది.

యశోద మిషన్ ఆమె వైపు తిప్పింది. బీడీ కట్టలు లెక్కపెట్టే మనిషి, అంకెలు బాగానే వచ్చు. "నూట డెబ్బై రెండు," అని తనే చదివింది. రెండోసారి, "నూట అరవై ఎనిమిది." ఆ అంకె ట్యాబ్‌లో పడేదాకా తల వంచి చూసింది. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళి, "గోలీలు ఇయ్యండ్రి," అంది.

అది చూసి వెనక ఉన్నాయన, "నాకు గూడ సూపియ్యి," అన్నాడు. అతని వెనక ఉన్నామె కూడా అడిగింది. అప్పటి నుంచి ఆ దవాఖానలో మిషన్ జనం వైపే తిరిగి ఉంటుంది. కూర్చున్నవాళ్ళు తమ అంకె తామే పైకి చదువుతారు. చదువు రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి చెబుతారు. పైసంవత్సరం వర్షాకాలానికి నూటికి అరవై ఒక్క మందికి బీపీ అదుపులోకి వచ్చింది. ఈసారి ప్రశంసాపత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆ చెయ్యి పోలేదు. నెలకు ఒకసారైనా ఎవరో ఒకరికి 134/84 వస్తుంది. నిజంగానే వస్తుంది. మనిషి సంతోషంగా చదువుతాడు. యశోద మాత్రం ఏమీ అనకుండా పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి, మూడోసారి కొలుస్తుంది. ఎందుకని ఎవరైనా అడిగితే, "జర ఆగుండ్రి," అంటుంది.

మొన్న వానాకాలం నాట్ల అప్పుడు యాదవ్వ నెల తేదీకి రాలేదు. ఫోన్ మోగింది గానీ ఎత్తలేదు. హవేలిఘనపూర్‌లో అక్క దగ్గరికి నాట్లకు పోయిందని ఐలవ్వ కనుక్కొచ్చింది. ఆదివారం పొద్దున యశోద మిషన్, గోలీలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

పొలంలో పది మంది ఆడవాళ్ళు వంగి నాటు వేస్తున్నారు. యాదవ్వ ఆమెను చూసి, ఆశ్చర్యపోకుండా, ఒడ్డుకు వచ్చి మోకాళ్ళ దాకా ఉన్న బురద కడుక్కుంది. మోటారు గది గట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. యశోద ఫోన్‌లో సమయం చూసుకుంది. నాటు వేసేవాళ్ళ మాటలు దూరంగా వినిపిస్తున్నాయి.

రెండు నిమిషాలు గడిచాక యాదవ్వ మాట్లాడింది.

"చేగుంట దాటేదాక సోయి ఉండె ఆయనకు."

మాట్లాడకూడదని యశోద చెప్పలేదు.

"ఎడమ చెయ్యితోని నా చెయ్యి వట్టుకున్నడు. నేను ఏడుస్తున్న. ఆయన నాకు ధైర్యం జెప్తుండు. మాట తిరుగుతలేదు గానీ నాకు సమజైంది. ‘ఏం గాదే, బీపీ మంచిగున్నదన్నది గదా సిస్టరమ్మ’ అన్నడు."

మోటారు గది రేకు మీద చినుకులు మొదలై ఆగిపోయాయి. యశోద రెండు చేతులూ సంచి మీద పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడవడానికి తనకు హక్కు లేదనుకుంది.

"నీకు జెప్పాలనే ఉండె," అంది యాదవ్వ. "ఇన్నొద్దులు జెప్పలె."

"మంచిగ జేసినవ్ అక్కా."

యాదవ్వ తన చెయ్యి చాచింది. యశోద పట్టీ తీయలేదు.

"మాట్లాడినవ్ గదా. మల్ల అయిదు నిమిషాలు కూసోవాలె."

యాదవ్వ ఆమె వైపు ఒకసారి చూసి, మళ్ళీ వీపు గోడకు ఆనించింది. ఈసారి ఇద్దరూ నోరు విప్పలేదు. అయిదు నిమిషాల తర్వాత నూట ముప్పై ఎనిమిది, రెండోసారి నూట ముప్పై ఆరు. యాదవ్వ రెండూ తనే చదివింది. గోలీలు కొంగున కట్టుకుని లేచింది.

"వచ్చే నెల నేనే ఒస్త. నువ్వు ఇంత దూరం రాకు," అని పొలంలోకి దిగింది.

ఆ మాట కనికరంతో అన్నదో, మళ్ళీ ఇటు రావొద్దని అన్నదో యశోదకు తెలియలేదు. యాదవ్వ వెనక్కి తిరిగి చూడకుండా వరుసలో తన చోటికి వెళ్ళి వంగింది.